మంచుబాటపై రబ్బరు చక్రం

రబ్బరుకు చలి గిట్టదు. ఈ సంగతి మోటారుకారు పుట్టక ముందే ఐరోపా, అమెరికా ప్రజలకు అనుభవంలోకి వచ్చినది. 1823లో స్కాట్లండుకు చెందిన చార్లెస్ మాకింటాష్ రెండు గుడ్డల నడుమ రబ్బరు పూసి వానకోటు తయారుచేసే పద్ధతికి పేటెంటు పొందినాడు. ఆ కోటు వానకు తడవదు. కాని శీతకాలంలో అట్టవలె బిగుసుకొనిపోయేది, వేసవిలో జిగటగా మారేది. 1839లో అమెరికాలో చార్లెస్ గుడ్‌ఇయర్ రబ్బరును గంధకంతో కలిపి వేడిచేయుటతో ఈ రెండు దోషాలూ చాలవరకు తగ్గినవి. వల్కనీకరణమనే ఈ ప్రక్రియలో గంధకం రబ్బరులోని పొడవైన అణుగొలుసులను అక్కడక్కడ ఒకదానితో ఒకటి ముడివేస్తుంది. పాఠ్యపుస్తకాలలో కథ సాధారణంగా ఇక్కడ ముగుస్తుంది. నిజానికి వేసవి దోషం పోయినంతగా చలి దోషం పోలేదు. ఆ మిగిలిన దోషంతోనే చలిదేశాల ఇంజనీర్లు నూరేళ్ళుగా పెనుగులాడుతున్నారు.

1888లో బెల్‌ఫాస్టు నగరంలో పశువైద్యుడైన జాన్ బాయిడ్ డన్‌లప్ గాలి నింపిన టైరును సైకిలుకు అమర్చినాడు. 1895లో మిషెలిన్ సోదరులు అటువంటి టైర్లు వేసిన కారును పారిస్-బోర్డో-పారిస్ పందెంలో నడిపినారు. అయినను ఆ రోజులలో మోటారుకారు వేసవి వాహనమే. మంచు పడగానే దానిని కొట్టంలో పెట్టి, వసంతం వచ్చేవరకు మళ్ళీ గుర్రపుబండినే నమ్ముకొనేవారు. తప్పక బయలుదేరవలసినవారు చక్రాలకు తాళ్ళు చుట్టుకొనేవారు. వారిని చూసియే న్యూయార్కు రాష్ట్రంలోని కానాస్టోటాకు చెందిన హారీ వీడ్‌కు ఇనుపగొలుసు తట్టినదని అంటారు. టైరుకు చుట్టే గొలుసుకు ఆయన 1904లో పేటెంటు పొందినాడు. గొలుసు పనిచేస్తుంది, కాని మెల్లగా పోయేవారికే. మంచులేని రోడ్డు తగలగానే దానిని విప్పవలెను, లేనిచో గొలుసూ రోడ్డూ రెండూ పాడవుతాయి.

టైరునే మంచుకు తగినట్లు మలచవలెనన్న ఆలోచన ఫిన్లండులో ఫలించినది. అక్కడి రోడ్లు శీతకాలమంతా మంచుతో నిండి ఉండేవి. వాటిని ఊడ్చే ఏర్పాట్లు అంతంతమాత్రం. లారీలు కదలకపోతే ఊళ్ళకు సరుకు అందదు. నోకియా అనే పట్టణంలోని రబ్బరు కర్మాగారం 1934లో లారీల కోసం ‘కెలిరెంగాస్’ అనే టైరును విడుదల చేసినది. ఆ పేరుకు ‘వాతావరణపు టైరు’ అని అర్థం. చలికాలం కోసమే ప్రత్యేకంగా రూపొందిన మొదటి టైరుగా దీనిని లెక్కిస్తారు. రెండేళ్ళకు, 1936లో, కార్లకు సరిపడే టైరు వచ్చినది. దానికి ‘హక్కాపెలీట్టా’ అని పేరు పెట్టినారు. పదిహేడవ శతాబ్దంలో ముప్పైయేళ్ళ యుద్ధంలో పోరాడిన ఫిన్లండు గుర్రపురౌతుల పేరది. ‘నరుకు, పైబడు’ అనే అర్థం వచ్చే వారి రణఘోష నుండి ఆ మాట పుట్టినది.

ఈ టైరులోని మర్మం దాని చాళ్ళలో ఉన్నది. వానకాలపు టైరుకు చాళ్ళు నీటిని వెలికి తోయుటకు కావలెను. మంచుటైరు పని ఇందుకు విరుద్ధం. లోతైన అడ్డుచాళ్ళలోకి హిమం దూరి, బండి బరువుకు గట్టిపడి, అక్కడే నిలుస్తుంది. తడి ఇసుకను గుప్పిట్లో బిగించినప్పుడు ముద్ద అయినట్లే హిమం కూడ ఒత్తిడికి ముద్ద అవుతుంది. హిమం రబ్బరును పట్టుకొనేదానికంటే హిమాన్నే ఎక్కువ గట్టిగా పట్టుకొంటుంది. కనుక చాళ్ళ నిండ మంచు కూరుకొన్న టైరును చూసి పాడైనదని అనుకోరాదు. అది తన పని తాను చేస్తున్నది.

హిమం సంగతి ఇది. మంచుగడ్డ వేరు. అది ఎందుకు జారుతుందన్నదే చాలకాలం తేలలేదు. ఒత్తిడికి మంచు కరిగి నీరవుతుందని కొందరు చెప్పేవారు. కాని చలి బాగా ఎక్కువగా ఉన్నప్పుడు ఆ లెక్క కుదరదు. మంచు ఉపరితలంపై సహజంగానే ఒక సన్నని ద్రవపు పొర ఉండవచ్చునని 1850లోనే మైకేల్ ఫారడే సూచించినాడు. 1939లో బౌడెన్, హ్యూస్ అనే శాస్త్రజ్ఞులు జారుడు వలన పుట్టే వేడియే పైపొరను కరిగిస్తుందని ప్రయోగాలతో చూపినారు. ఏమైనను, సున్నా డిగ్రీలకు దగ్గరగా ఉన్న మంచుగడ్డయే అన్నిటికంటే ప్రమాదకరమైనది. గడ్డకట్టే చలిలో కంటే కరిగీ కరగని మంచుపైనే కార్లు ఎక్కువగా జారుతాయి. ఆ నీటిపొరను చీల్చుటకు టైరు ముఖంపై కత్తిగాట్లవంటి సన్నని చీలికలు పెడతారు. వాటికి 1923లో పేటెంటు పొందిన జాన్ సైప్ పేరే నేటికీ వాడుకలో ఉన్నది. 1960 తర్వాత స్కాండినేవియా, ఫిన్లండులలో మరింత మొరటైన ఉపాయం వ్యాపించినది. టైరులో టంగ్‌స్టన్ కార్బైడ్ కొనలు గల చిన్న మేకులు నాటడమే అది.

మేకుల టైర్ల సత్తాను లోకం చూసినది మోంటీ కార్లో ర్యాలీలో. 1911లో మొదలైన ఈ ర్యాలీ నడిశీతకాలంలో ఆల్ప్స్ పర్వతాల ఘాట్‌రోడ్లపై జరుగుతుంది. అలెక్ ఇసిగోనిస్ రూపొందించిన ‘మినీ’ అనే చిట్టి కారు 1959లో వచ్చినది. దానికే ఇంజనును పదునుపెట్టి జాన్ కూపర్ తయారుచేయించిన మినీ కూపర్ కారు 1964, 1965, 1967 సంవత్సరాలలో ఈ ర్యాలీని గెలిచినది. (1966లో కూడ ముందు వచ్చినది, కాని దీపాల నిబంధన పేరుతో అనర్హమన్నారు. ఆ వివాదం వేరే కథ.) దానికంటే ఎంతో పెద్ద ఇంజనులున్న కార్లు వెనుకబడినవి. 1965లో విపరీతంగా మంచు కురిసి, బయలుదేరిన కార్లలో అత్యధికం గమ్యం చేరలేదు. ఫిన్లండుకు చెందిన టీమో మాకినెన్ మినీని విజయవంతంగా నడిపినాడు. డ్రైవరు నేర్పు, ముందు చక్రాలకే శక్తి అందే అమరిక ఇందుకు కారణాలే. కాని జట్టువారు ఎక్కువగా తలబద్దలు కొట్టుకొన్నది టైర్ల ఎంపిక గురించి. ఏ మలుపులో మంచుగడ్డ ఉన్నదో, ఎక్కడ రోడ్డు ఆరి ఉన్నదో చూసి రమ్మని మనుషులను ముందుగా పంపేవారు. వారు తెచ్చిన చీటీలను బట్టి టైర్లు మార్చేవారు. టైర్ల ప్రాముఖ్యం ఎంతగా పెరిగినదంటే, 1967లో ఒక్కొక్క కారు వాడదగిన టైర్ల సంఖ్యకు నిర్వాహకులు హద్దు పెట్టవలసివచ్చినది.

మరి శక్తిగల కారును కొత్తగా కొన్నవానికి చలికాలంలో అందరికంటే ఎక్కువ చిక్కు ఎందుకు వస్తుంది? అటువంటి కారుకు కర్మాగారంలో వేసే టైరే ఇందుకు కారణం. రోడ్డు పైకి నున్నగా కనిపించినను దానిపై సూక్ష్మమైన గరుకులు ఉంటాయి. చక్రం జారబోయినప్పుడు అవి రబ్బరును సెకనుకు వేలసార్లు పొడుస్తాయి. రబ్బరు అణుగొలుసులు ప్రతి పోటుకూ వంగి, కొంచెం బద్ధకంగా తిరిగి లేస్తాయి. ఆ బద్ధకంలో శక్తి వేడిగా వ్యయమవుతుంది. రబ్బరు పట్టుకు ఇది ఒక ముఖ్యాధారం. కనుక పట్టు బాగా రావలెనంటే గొలుసులు మందకొడిగా కదిలే మిశ్రమం కావలెను. స్టైరీన్ పాలు ఎక్కువగా గల కృత్రిమ రబ్బరు అటువంటిది. వేసవిలో వేడెక్కిన రోడ్డుపై దానికి సాటి లేదు. కాని చలిలో ఆ మందకొడితనమే కాఠిన్యమవుతుంది. గొలుసులకు కదలడానికే వ్యవధి చాలదు. రబ్బరు గరుకుల సందులలోకి దిగక, గట్టి ప్లాస్టిక్కువలె పైపైన జారిపోతుంది. వేసవిలో గుణమైనదే శీతకాలంలో దోషమైనది.

ప్రతి రబ్బరుకూ గాజువలె పెళుసయ్యే ఉష్ణోగ్రత ఒకటి ఉన్నది. సహజ రబ్బరుకు అది సుమారు -70 డిగ్రీల సెంటీగ్రేడు. జీగ్లర్, నట్టా అనే శాస్త్రజ్ఞులు కనుగొన్న ఉత్ప్రేరకాల పుణ్యమా అని లభించిన పాలిబ్యూటడైన్ రబ్బరుకు సుమారు -100. స్టైరీన్ పాలు పెంచినకొద్దీ ఈ హద్దు పైకి జరుగుతుంది. పెళుసు కావడానికి ఎంతో ముందే రబ్బరు చురుకుదనం తగ్గిపోతుంది. 1986 జనవరిలో ఛాలెంజర్ అంతరిక్షనౌక కూలినప్పుడు రిచర్డ్ ఫైన్‌మన్ విచారణసంఘం ఎదుట రబ్బరు వలయపు ముక్కను మంచునీటిలో ముంచి, అది వెంటనే పూర్వరూపానికి రాకపోవుట చూపినాడు. ఆ నీటి చలి సున్నా డిగ్రీల దగ్గరే. టైరులో జరిగేదీ ఇదే జాతి మార్పు. గాలి ఉష్ణోగ్రత 7 డిగ్రీలకు దిగితే చలికాలపు టైర్లు వేయుమని చెప్పే మాట ఇందువల్లనే వచ్చినది. ఆ 7 ప్రకృతి గీసిన గీత కాదు, సౌలభ్యం కోసం పెట్టుకొన్న గుర్తు మాత్రమే. సున్నాకు బాగా దిగువన కొన్ని వేసవి టైర్లు బీటలు వారే ప్రమాదమున్నదని వాటి తయారీదారులే హెచ్చరిస్తారు.

తరగతిలో చేయదగిన లెక్క ఒకటి ఉన్నది. బ్రేకు వేసిన తర్వాత కారు ఆగే దూరం = వేగవర్గం ÷ (2 × ఘర్షణ గుణకం × గురుత్వ త్వరణం). గంటకు 50 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 13.9 మీటర్లు. పొడిరోడ్డుపై గుణకం 0.8 అనుకొంటే దూరం సుమారు 12 మీటర్లు. హిమంపై 0.2 అనుకొంటే 49 మీటర్లు. మంచుగడ్డపై 0.1 అనుకొంటే 98 మీటర్లు. ఈ సూత్రంలో ఇంజను అశ్వసామర్థ్యానికి చోటు లేదు. నాలుగు చక్రాలకూ శక్తి అందుతున్నదా, రెండింటికేనా అన్నదానికీ చోటు లేదు. ఒక్కొక్కటి అరచేయంత ఉన్న నాలుగు రబ్బరు ముఖాలు రోడ్డును పట్టుకొన్నంత మేరకే కారు ఆగుతుంది.

చాలమంది ఇక్కడే మోసపోతారు. 1978 జనవరిలో ఆడీ కంపెనీ ఇంజనీర్లు నాలుగు చక్రాలకూ శక్తినందించే పరీక్షాకారును ఆస్ట్రియాలోని టుర్రాఖర్ హోహె అనే నిట్టనిలువు ఘాట్‌రోడ్డు మీదికి, మంచులో, గొలుసులు లేకుండ వేసవి టైర్లతోనే ఎక్కించినారు. 1980లో ‘క్వాట్రో’ అన్న పేరుతో వెలువడిన కారుకు అది నాంది. అద్భుతమే. కాని అది ఎక్కుటను గురించిన పరీక్ష. దిగేటప్పుడు ఏ కారైనా నాలుగు చక్రాలతోనే ఆగుతుంది. కొండ ఎక్కించిన అమరిక దిగుటలో అంతగా ఆదుకొనదు. తేలికగా బయలుదేరగలిగినవాడు రోడ్డు ఎంత జారుడుగా ఉన్నదో గ్రహించడు. మలుపు వచ్చినప్పుడే అతనికి తెలుస్తుంది.

మేకుల టైర్లకు మరొకరకమైన చిక్కు వచ్చినది. అవి రోడ్లను గీకివేసినవి. పశ్చిమ జర్మనీ 1975లో వాటిని నిషేధించినది. జపానులోని సెండాయ్ వంటి నగరాలలో మేకులు రేపిన దుమ్ము ప్రజల ఆరోగ్యానికే ముప్పుగా మారినది. ప్రజల ఆందోళన ఫలితంగా 1990లో అక్కడ చట్టం వచ్చినది. ఈలోగా, 1988లో, బ్రిడ్జ్‌స్టోన్ కంపెనీ సూక్ష్మమైన గాలిబుడగలతో నిండిన రబ్బరుతో ‘బ్లిజాక్’ అనే మేకులు లేని టైరును తెచ్చినది. అరిగినకొద్దీ తెరుచుకొనే ఆ బుడగల గుంటలు మంచుపైనున్న నీటిపొరను పీల్చుకొంటాయి. 1992లో మిషెలిన్ కంపెనీ, బొగ్గుమసికి బదులు చాలవరకు సిలికా చేర్చిన టైర్లను అమ్మకానికి తెచ్చినది. సిలికా మిశ్రమాలు చలిలోనూ మెత్తదనాన్ని నిలుపుకొంటాయి కనుక చలికాలపు టైర్లకు అవి బాగా పనికివచ్చినవి.

స్పోర్ట్స్ కారు కొత్తగా కొన్నవారు మొదట ఇంజను శక్తి పెంచే ఉపకరణాల మీద, గట్టిగా మోగే పొగగొట్టం మీద, కారును నేలకు దించే పొట్టి స్ప్రింగుల మీద డబ్బు ఖర్చుపెడతారు. చలిదేశంలో ఇది తలక్రిందుల వరుస. నేలకు దించిన కారు హిమాన్ని నాగలివలె దున్నుకొంటూ పోయి చిక్కుకొంటుంది. మొదటి మార్పు రెండవజత చక్రాలు. వాటిని వేసవి చక్రాలకంటె ఒకటి రెండు అంగుళాలు చిన్నవిగా, టైరును కొంచెం ఇరుకుగా, దాని ప్రక్కగోడను ఎత్తుగా ఎంచుకొంటారు. ఇరుకు టైరు హిమంలోకి దిగి గట్టినేలను వెదుకుకొంటుంది. వెడల్పు టైరు పైన తేలుతుంది. ఎత్తైన ప్రక్కగోడ మంచు చాటున దాగిన గుంతలనుండి చక్రపు అంచును కాపాడుతుంది. చక్రం చిన్నదైనను టైరుతో కలిపి మొత్తం వ్యాసం మారకుండ చూడవలెను, లేకపోతే వేగమాపకం తప్పు చూపుతుంది. ఇట్టి కార్లకు బ్రేకులు పెద్దవి, అవి చక్రం లోపల ఇమడవలెను. కనుక చక్రాన్ని ఎంత చిన్నది చేయవచ్చునో బ్రేకులే నిర్ణయిస్తాయి. పొదుపు చేయబోయి శక్తినందే రెండు చక్రాలకే కొత్త టైర్లు వేయుట అన్నిటికంటే చెడ్డపని. ముందు చక్రాలు పట్టుకొని వెనుకవి జారితే, బ్రేకు వేయగానే కారు బొంగరంవలె తిరుగుతుంది.

కెనడాలోని క్విబెక్ రాష్ట్రం 2008లో చలికాలపు టైర్లను చట్టం ద్వారా తప్పనిసరి చేసినది. జర్మనీ 2010లో మంచురోడ్లపై వాటిని తప్పనిసరి చేస్తూ నిబంధనను కట్టుదిట్టం చేసినది. ఉద్యోగాల కోసం టొరంటోకో డెట్రాయిట్‌కో వెళ్ళిన తెలుగువారు మొదటి నవంబరులో నేర్చుకొనే పాఠాలలో ఇదొకటి. మనవైపు లంబసింగిలో కూడ టైరు మార్చే అవసరం రాదు గనుక, ఒకే కారుకు రెండు జతల చక్రాలెందుకో వారికి మొదట అర్థం కాదు. చలికాలపు టైరు చాళ్ళ లోతు 4 మిల్లీమీటర్లకు తగ్గితే ఆస్ట్రియాలో దానిని చలికాలపు టైరుగా లెక్కించరు. లోతు మిగిలి ఉన్నను ఏళ్ళు గడిచినకొద్దీ రబ్బరు దానంతటదే గట్టిపడుతుంది. వసంతంలో ఈ టైర్లను విప్పివేయుటకు కూడ కారణమున్నది. వేడెక్కిన రోడ్డుపై ఆ మెత్తని రబ్బరు త్వరగా అరిగిపోతుంది, పొడిరోడ్డుపై బ్రేకు వేసినప్పుడు వేసవి టైరుకంటే ఎక్కువ దూరం పోయి ఆగుతుంది.