లొద్దుగ చెక్క, బంగారు కంకణం

బాపట్ల రచయిత్రి కనుపర్తి వరలక్ష్మమ్మ 1934లో అందుకున్న గృహలక్ష్మి స్వర్ణకంకణాన్ని తెలుగు సాహిత్య చరిత్రలు గౌరవంగానే నమోదు చేశాయి గాని, ఆ బంగారం వెనుక ఒక చెట్టు బెరడు ఉందన్న ముచ్చటైన సంగతిని మాత్రం ఒక వాక్యంలో దాటవేశాయి. ఆ బెరడు లొద్దుగ చెక్క. సంస్కృతంలో లోధ్రం అనే ఈ చెక్కకు రక్తస్రావాన్ని అదుపు చేసే గుణం ఉందని ఆయుర్వేదం చెబుతుంది. డాక్టర్ కె.ఎన్. కేసరి 1900లో మద్రాసులో నెలకొల్పిన కేసరి కుటీరం ఈ చెక్క పేరు మీదనే ‘లోధ్ర’ అనే మందును స్త్రీల వ్యాధుల కోసం తయారుచేసి అమ్మగా, ఆ మందుల వ్యాపారం దన్నుతో 1928లో గృహలక్ష్మి మాసపత్రిక వెలువడింది, ఆ పత్రిక పేరు మీద కంకణం వెలసింది.

మందు అమ్మే వ్యక్తికి పత్రిక ఎందుకన్న ప్రశ్నకు నేటి వ్యాపార పరిభాషలో సిద్ధంగా ఒక జవాబు ఉంది. సరుకును నేరుగా పొగడకుండా, కొనుగోలుదారుకు పనికివచ్చే విషయాన్ని రాసిగాని చిత్రీకరించిగాని అందించి, ఆ పరిచయం ద్వారా అమ్మకాన్ని సాధించే పద్ధతిని కంటెంట్ మార్కెటింగ్ అంటారు. ఫోను తెర మీద జరిగే డిజిటల్ మార్కెటింగ్‌కు ఇదే ముడిసరుకు. కృష్ణ ఒడ్డున తాడేపల్లిలో కూర్చొని గుంటూరు కారాన్నో, పక్కనున్న మంగళగిరి నేత చీరలనో ఇంటర్నెట్‌లో అమ్మేవారికి సరుకు దొరకడం కంటే, రేపు ఏ సంగతి చెప్పాలో తోచడమే కష్టంగా ఉంటుంది. ఈ కష్టం ఇంటర్నెట్‌తో పుట్టింది కాదు.

ఈ ప్రాంతపు సముద్రతీరంలోనే ఉన్న మోటుపల్లిలో కాకతీయ గణపతిదేవుడు 1244 ప్రాంతంలో వేయించిన అభయశాసనం ఈ పద్ధతికి ముత్తాత వంటిది. గాలివానకు ఓడ ఒడ్డుకు కొట్టుకువస్తే అందులోని సరుకంతా పూర్వపు రాజులు స్వాధీనం చేసుకునేవారు. ఓడ వర్తకుడి గుండెల్లోని ఆ భయాన్నే అంశంగా తీసుకొని, సుంకం తప్ప మరేదీ పుచ్చుకోబోమని ఆ శాసనం మాట ఇచ్చింది, ఏ సరుకుకు ఎంత సుంకమో కూడా చెప్పింది. రాజు తన గొప్పలు చెప్పుకొన్న శాసనాలు దేశం నిండా ఉన్నా, ఎదుటివాడు అడగబోయే ప్రశ్నకు ముందే జవాబు చెక్కించిన రాళ్లు అరుదు. సుమారు శతాబ్దం తరువాత కొండవీటి రెడ్డిరాజు అనపోతారెడ్డి సైతం అదే రేవులో వర్తకులకు అటువంటి హామీనే ఇచ్చాడు. అటుపైన కొన్ని శతాబ్దాల పాటు వ్యాపారుల మాట సంతల్లోనూ, దండోరాల్లోనూ గాలికి పోయిందే తప్ప రాతకు ఎక్కింది తక్కువ.

అచ్చుయంత్రం వచ్చాక కథ ఊపందుకుంది. అమెరికాలో నాగళ్లు అమ్మే జాన్ డీర్ కంపెనీ 1895లో ‘ది ఫర్రో’ అనే వ్యవసాయ పత్రికను, ఫ్రాన్సులో టైర్లు చేసే మిషెలిన్ సోదరులు 1900లో ప్రయాణికుల మార్గదర్శినిని ప్రారంభించారు. టైరు అరగాలంటే ముందు మనిషి ఊరు కదలాలన్నది ఆ సోదరుల లెక్క. తెలుగువారిలో కృష్ణా జిల్లా ఎలకుర్రులో పుట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టి, సంగీత సభలలో దానిని ఉచితంగా పంచి, 1908లో అక్కడే ఆంధ్రపత్రికను వారపత్రికగా స్థాపించి, 1914లో మద్రాసు నుంచి దినపత్రికగా నడిపించాడు. తలనొప్పి మందు డబ్బు ఒక జాతీయోద్యమ పత్రికను పోషించడం అందరికీ తెలిసిన కథే. అయితే ఆంధ్రపత్రికకు అమృతాంజనం పోషకురాలే తప్ప విషయం కాదు, తలనొప్పి చుట్టూ ఆ పత్రిక అల్లుకోలేదు.

మందునూ పత్రికనూ కలిపి అల్లడం కేసరికి సాధ్యమైంది. నేటి ప్రకాశం జిల్లా ఇనమనమెళ్లూరులో పుట్టి, పేదరికంలో చిన్నతనాననే మద్రాసు చేరిన ఈ మనిషి అమ్మిన మందుకు ఒక చిక్కు ఉంది: అది నయం చేస్తానన్న బాధలను ఆనాటి స్త్రీ వైద్యుడికి సరే, భర్తకు చెప్పడానికి కూడా సిగ్గుపడేది. నోరు విప్పని కొనుగోలుదారుకు ఏ విషయం కావాలో తెలుసుకోవడం ఎలా? స్త్రీలు రాసి, స్త్రీలు చదివే పత్రిక ఒకటి నడపడం దీనికి సరైన జవాబు. కేసరి ఇదంతా లెక్కవేసి చేశాడా, సాహిత్యాభిమానంతో చేశాడా అన్నది తేల్చనవసరం లేదు. వ్యాపారమూ అభిమానమూ ఒకే సంచిలో ఉండటం ఆ తరంలో వింత కాదు.

వరలక్ష్మమ్మ ప్రవేశం ఇక్కడే. 1896లో బాపట్లలో పుట్టిన ఈమె అప్పటికే ఆంధ్రపత్రిక వారపత్రికలో లీలావతి అనే మారుపేరుతో ‘మా చెట్టునీడ ముచ్చట్లు’ శీర్షికను నడిపిన అనుభవశాలి. అంటే అమృతాంజనం పోషించిన పత్రికకూ, లోధ్ర పోషించిన పత్రికకూ మందే పెట్టుబడి కాగా, రెండింటిలోనూ పాఠకురాలిని కూర్చోబెట్టిన కలం ఒక్కటే. గృహలక్ష్మిలో ఆమె సుమారు ఆరేళ్ల పాటు రాసిన ‘శారద లేఖలు’ స్నేహితురాలికి రాసే ఉత్తరాల రూపంలో సాగాయి. 1929లో బాల్యవివాహాలను నిరోధిస్తూ వచ్చిన శారదా చట్టం మొదలుకొని స్త్రీల సభలూ ఖద్దరూ వరకు ఆ ఉత్తరాల్లోకి రాని సంగతి తక్కువ. 1931లో బాపట్లలోనే స్త్రీ హితైషిణీ మండలిని స్థాపించి పదిమంది ఆడవాళ్ల మధ్య మసలిన రచయిత్రికి, ఈ నెల ఏం రాయాలన్న బెంగ ఉండి ఉండదు. చెట్టునీడన చేరిన మాటలనూ, మండలిలో వినిపించిన గోడునూ ఉత్తరానికి ఎత్తుకోవడం ఒక్కటే మిగిలిన పని. విషయాన్ని వెతకడం కాదు, విషయం నడిచివచ్చే చోట కూర్చోవడం ఆమె పద్ధతి. ఈనాటి పోస్టుల పట్టికలూ పండుగల క్యాలెండర్లూ ఎన్ని ఉన్నా, సరుకు అమ్మే సంస్థలు ఆ చెట్టునీడను పోగొట్టుకున్నాయనే చెప్పాలి. దీపావళికి దీపం బొమ్మ, సంక్రాంతికి ముగ్గు బొమ్మ పెట్టి శుభాకాంక్షలు చెప్పడం పాఠకుడు అడగని ప్రశ్నకు జవాబు.

రైతుల వైపు చూస్తే, 1969లో రామోజీరావు ప్రారంభించిన అన్నదాత మాసపత్రిక, రైతుకు కావలసిన విషయానికి ఎంత గిరాకీ ఉందో చూపింది. అయితే గుంటూరు, ప్రకాశం నల్లరేగళ్లలో పత్తి విస్తరించిన దశాబ్దాల్లో రైతుకు నిత్యం కనిపించిన రాత మాత్రం ఊరి గోడల మీద పురుగుమందుల కంపెనీలు రాయించిన పేర్లే. 1980ల నడిమి కాలంలో తెల్లదోమ పత్తిని ఊడ్చిపెట్టినప్పుడు, ఏ మందు ఎప్పుడు ఆపాలో ఏ గోడా చెప్పలేదు. అమ్మేవాడే సలహాదారు కావడంలోని ముప్పు ఇదే. కేసరికీ ఇది వర్తించేదే గాని, ఆయన పత్రికలో మందుతో సంబంధం లేని మాటకు చోటు దొరికింది.

గూగుల్ 2004లో ప్రవేశపెట్టిన సూచనల పద్ధతితో, అంటే రెండు అక్షరాలు కొట్టగానే మిగతాది తానే పూరించే ఏర్పాటుతో, జనం అడిగే ప్రశ్నలు అమ్మేవారికి పోగుగా కనిపించసాగాయి. జనం వెతికే మాటను కీవర్డ్ అంటారు. ఆ మాట పట్టుకోవడంలో గుంటూరు మిర్చి యార్డు ఎవరికైనా పాఠం చెప్పగలదు. లాం పరిశోధన కేంద్రం ఎల్‌సీఏ 334 అని పేరు పెట్టిన రకం యార్డులో ఉట్టి 334గా చలామణీ అవుతుంది. రంగు పోయి తెల్లబారిన కాయను ఏ కరపత్రం ఎలా వర్ణించినా రైతూ కమిషన్ వ్యాపారీ ‘తాలు’ అనే అంటారు. కారం అమ్మే తాడేపల్లి వ్యాపారి ‘ఉత్తమ నాణ్యత’ అని రాసినంతకాలం చదివేవారు ఉండరు. ఘాటుకు తేజ రకం, రంగుకు బ్యాడిగి రకం మిరప ఎందుకు కలుపుతారో, తొడిమ తీసి ఆడించిన కారానికీ తీయనిదానికీ తేడా ఏమిటో రాస్తే, ఆవకాయల ముందు ఆ పేజీ తెరవని ఇల్లాలు ఉండదు.

అయినా గూగుల్ యంత్రానికి ఒక లోపం ఉంది: అది అప్పటికే ఎవరో అడిగినదాన్నే లెక్కపెడుతుంది. 2021లో గుంటూరు, ప్రకాశం జిల్లాల మిరప తోటల మీద కొత్తరకం నల్ల తామర పురుగు పడి, పూలలో గుంపులుగా చేరి పూత రాల్చినప్పుడు, దానికి రైతు నోట ఇంకా పేరు కుదరలేదు. పేరు లేని పురుగును ఏ కీవర్డ్ పట్టికా చూపించలేదు. అటువంటి ప్రశ్న మొదట అక్షరాల్లో రాదు. రాలిన పూతను పాలిథిన్ కవరులో మూటగట్టుకొని వచ్చిన రైతు దాన్ని మందుల దుకాణం బల్ల మీద పెట్టి, ఇదేమిటో చూడండి అంటాడు.