బీదబడిలో మొదటి పుస్తకము

బడికి వచ్చిన పిల్లవాడు రెండు మూడేండ్లకు మించి అందులో నిలువడని ముందే తెలిసియున్నచో, ఉపాధ్యాయుడు వానికి దేనిని ముందు చెప్పవలెను? దేనిని విడిచిపెట్టవలెను? విద్యాచరిత్రలో గొప్ప విద్యాపీఠముల వృత్తాంతములకంటె ఈ చిన్న ప్రశ్నయే నన్ను ఎక్కువగా ఆకర్షించినది. కలవారి పిల్లలకు కాలమున్నది. నేడు తెలియనిది రేపు తెలియును. బీదవాని బిడ్డకు రేపటికి కొలిమియో, మగ్గమో, పొలమో సిద్ధముగా నుండును. వానికి చెప్పిన మొదటి పుస్తకమే కడపటి పుస్తకమును కావచ్చును. ఈ ప్రశ్నకు పదునేడవ శతాబ్ది చివర ఫ్రాన్సు దేశమున ఒక కేథలిక్ మతగురువు తన పాఠశాలలలో చెప్పిన సమాధానమును, దానికి మన తెలుగునాటి బడులతో గల సంబంధమును మీకు మనవి చేయుదును.

ఆయన పేరు జాన్ బాప్టిస్ట్ డి లా సాల్. 1651లో రీమ్స్ నగరమున సంపన్నమైన కుటుంబమున జన్మించెను. పదునాఱేండ్లు నిండకమునుపే ఆ నగరపు మహాదేవాలయమున ఆదాయముగల గౌరవపదవి ఆయనకు లభించెను. 1678లో గురుపట్టము పొందెను. 1680లో దైవశాస్త్రమున పండితపట్టమును పొందెను. ఇట్టివాడు వీధిపిల్లల చదువు జోలికి పోవుట ఆ కాలమునకు వింత. 1679లో అడ్రియన్ నియెల్ అను నాతడు బీదపిల్లలకు బడులు పెట్టు ఉద్దేశముతో రువాన్ నగరమునుండి రీమ్స్ చేరెను. డి లా సాల్ మొదట ఆయనకు సాయము చేసినది అంతంతమాత్రమే. తరువాత ఆ బడులలోని పంతుళ్ళను చూడగా వారికి సరియైన తిండియు లేదు, బోధనలో తరిఫీదును లేదు. పంతులు బాగుపడక బడి బాగుపడదని తలచి 1681లో వారిని తన యింటికే తెచ్చుకొనెను. బంధువులు ఏవగించుకొనిరి. 1683లో తన దేవాలయపదవిని విడిచెను; పిమ్మట కఱవు వచ్చినపుడు తన యాస్తిని రొట్టెల రూపమున బీదలకు పంచిపెట్టెను. ఆ పంతుళ్ళే క్రమముగా ‘సహోదరులు’ అను సంఘముగా నేర్పడిరి. వారు బ్రహ్మచారులు, కాని మతగురువులు కారు. బడి చెప్పుటయే వారి వ్రతము.

నాటి ఫ్రాన్సు బడులలో పిల్లవాని చేతికి మొదట ఇచ్చుచుండినది లాటిన్ పుస్తకము. ఈ యాచారమునకు కారణములు లేకపోలేదు. లాటిన్ దేవాలయపు భాష, విద్వాంసుల భాష. పైగా లాటిన్‌లో వ్రాసిన అక్షరమునెల్ల పలుకుదురు. ఫ్రెంచిలో వ్రాయునది ఒకటి, పలుకునది మఱొకటి. కావున అక్షరములు కూడుటకు లాటినే సులభమని పంతుళ్ళు వాదించెడివారు. మఱుగుపడిన సంగతి ఒక్కటే. పిల్లవాడు చదివినది వానికే తెలియదు.

డి లా సాల్ ఈ క్రమమును తలక్రిందులు చేసెను. తన బడులలో ముందు ఫ్రెంచి, ఆ పిమ్మటనే లాటిన్ అని నియమించెను. 1699లో షార్త్ర్ నగరమున బడులు తెఱచినపుడు అచ్చటి పీఠాధిపతి, ఆయనకు మిత్రుడే యయ్యును, పాత యాచారమునే కోరెను. డి లా సాల్ ఆయనకు విన్నవించిన హేతువుల సారాంశమిది: తెలిసిన భాషను చదువ నేర్చుకొనుటకు తక్కువ కాలము పట్టును. ఫ్రెంచి చదువ వచ్చినవాడు లాటిన్‌ను తేలికగా చదువగలడు. లాటిన్ కూడబలుకువాడు ఫ్రెంచిని చదువజాలడు. బీదల పిల్లలు బడిలో నుండు కాలము స్వల్పము. పని చేయు వయసు రాగానే తల్లిదండ్రులు తీసికొనిపోవుదురు. అప్పటికి వానికి లాటిన్ పూర్తిగా రాదు, ఫ్రెంచి అసలే రాదు. ఫ్రెంచి వచ్చియుండినచో వాడు బడి మానినను మంచిపుస్తకము చదువుకొని తన ధర్మమును తాను తెలిసికొనగలడు. ఈ వాదములో భాషాభిమానపు మాట ఒక్కటియు లేకుండుట గమనింపదగినది. ఉన్నది కాలపు లెక్క. బీదవాని కాలము విలువైనదని ఆ లెక్క యొప్పుకొనుచున్నది.

ఈ బడుల పాఠక్రమము ‘క్రైస్తవ పాఠశాలల నిర్వహణ’ అను గ్రంథమున వివరముగా నున్నది. ఆయనయు అనుభవజ్ఞులైన సహోదరులును కలిసి కూర్చిన యీ గ్రంథము 1706 నాటికే వ్రాతప్రతిగా నుండెను. ఆయన మరణించిన మఱుసటి యేడు 1720లో అచ్చుపడెను. అందు చదువుటకు తొమ్మిది మెట్లు గలవు. మొదటిది గోడకు వ్రేలాడదీసిన అక్షరముల పటము. రెండవది మన గుణింతములవలె అక్షరములు కలిసిన పటము. తరువాత అక్షరముల కూర్పును నేర్పు చిన్నపుస్తకము. ఆ పిమ్మట కూడబలుకుకొని చదువుట, అటుపిమ్మట ఆగవలసిన చోట ఆగుచు వాక్యములుగా చదువుట. ఏడవ మెట్టున గాని లాటిన్ కీర్తనల గ్రంథము కనబడదు. ఎనిమిదవది మర్యాదలను నేర్పు పుస్తకము. దానిని డి లా సాలే రచించి 1703లో ప్రకటించెను. తొమ్మిదవ మెట్టున అచ్చుపుస్తకమే లేదు; చేతివ్రాత కాగితములను చదువవలెను.

ఈ తొమ్మిదవ మెట్టు నాకు మిక్కిలి నచ్చినది. బీదవాని యింటికి వచ్చునది అచ్చుపుస్తకము కాదు. వచ్చునది అప్పుపత్రము, రసీదు, కౌలుకాగితము. వ్రాతలో ముందునకు వచ్చిన పిల్లలచేత ఇట్టి పత్రములనే నకలు వ్రాయించి, వర్ణక్రమము నేర్పుచుండిరి. గణితమును ఆ వ్రాతవచ్చిన పిల్లలకే చెప్పుచుండిరి: కూడిక, తీసివేత, హెచ్చవేత, భాగహారము. అవియు ఉత్త అంకెలతో గాక నాటి నాణెములైన లీవ్రులు, సోలులు, దెనియేలతో చేయించుచుండిరి. చదువు బాగుగా వచ్చినగాని వ్రాతకు ఎక్కించుట లేదు. వయసు మీఱిన పిల్లల విషయమున మాత్రము ఈ నియమమును సడలించిరి. ఎట్లయిన నేమి, బడి విడుచునపుడు పిల్లవాడు తన వేలిముద్ర ఎచ్చట పడుచున్నదో తెలిసికొనగలవాడు కావలెనని ఈ క్రమమును ఏర్పఱచినవారి తలంపుగా తోచుచున్నది.

ఇదంతయు మతవిషయమునకు అనుబంధమే యని మఱవరాదు. ఆ బడుల ప్రథమోద్దేశము పిల్లలను మంచిక్రైస్తవులను చేయుట. ప్రతిదినము ప్రార్థనలు, దేవాలయమునకు పోవుట, అర్ధగంటసేపు ప్రశ్నోత్తరరూపమైన మతబోధ తప్పనిసరి. పిల్లలు ఉదయపు ఫలహారమును బడిలోనే తినెడివారు. మర్యాదగా తినుట యెట్లో అదియు పాఠమే. మిగిలిన రొట్టెను ఏమియు తెచ్చుకొనలేని పిల్లలకై బుట్టలో పోగుచేయుచుండిరి. బెత్తమును లేకపోలేదు. కాని ఎప్పుడు కొట్టరాదో, ఎవరిని కొట్టరాదో చెప్పుటకు ఆ గ్రంథమున ఒక దీర్ఘమైన ప్రకరణమే కలదు. ఆ సహోదరుల బడులు మగపిల్లలకే; ఆడపిల్లల చదువు సన్న్యాసినుల సంఘముల వంతయ్యెను.

బోధనపద్ధతిలోను మార్పు వచ్చెను. అంతకుమునుపు పంతులు ఒక్కొక్క పిల్లవానిని తన బల్లయొద్దకు పిలిచి పాఠము చెప్పి పంపుచుండెను. తక్కినవారు అంతసేపును ఊరక కూర్చుండుటయో, అల్లరి చేయుటయో జరుగుచుండెను. సహోదరులు సమానమైన శక్తిగల పిల్లలను ఒక వరుసగా చేర్చి, అందఱికిని ఒకే పుస్తకమునిచ్చి, ఒకడు పైకి చదువుచుండగా తక్కినవారు మనసులో వెంబడించునట్లు చేసిరి. ఈ భావము వారికి మాత్రమే తట్టినదని చెప్పను. లియోన్ నగరమున షార్ల్ దెమియా మొదలగువారు ఇట్టి యత్నములు ముందే చేసియుండిరి. కాని దానిని అనేక నగరములలో ఒకే తీరున నడపి నిలబెట్టినది ఈ సంఘము. దీని కంతటికి విరోధులు లేకపోలేదు. 1704లో పారిస్ నగరపు వ్రాతపంతుళ్ళ సంఘమువారు తమ వృత్తికి భంగము కలుగుచున్నదని వ్యాజ్యములు వేసిరి. జీతమిచ్చుకొనగల పిల్లలకు వ్రాత నేర్పు హక్కు తమదే యని వారి వాదము. తీర్పులు డి లా సాల్‌కు ప్రతికూలముగా వచ్చెను. 1705లో ఆయన తన పనికి కేంద్రమును రువాన్ నగరమునకు మార్చెను. 1719లో అచ్చటనే కాలము చేసెను.

ఇక మన వైపు చూతము. 1822లో చెన్నపట్టణపు గవర్నరు సర్ తామస్ మన్రో దేశీయ పాఠశాలల స్థితిని తెలియజేయుమని కలెక్టరులకు ఆజ్ఞాపించెను. బళ్ళారి కలెక్టరు, తెలుగు వ్యాకరణమును రచించిన కాంబెల్ దొర, 1823లో పంపిన నివేదిక వీనిలో ప్రసిద్ధమైనది. నేటి అనంతపురము ప్రాంతము నాడు ఆ జిల్లాలోనే చేరియుండెను. ఆయన లెక్కలో 533 బడులు, 6,641 మంది విద్యార్థులు. వానిలో తెలుగుబడులు 226. పిల్లలు ఇసుకలో వ్రేలితో వ్రాయుట, పెద్దపిల్లలు చిన్నపిల్లలకు చెప్పుట ఆయనకు నచ్చెను. ఉదయముననే మొదట వచ్చినవాని అరచేత సరస్వతి పేరు వ్రాయుదురనియు, రెండవవానికి సున్న చుట్టుదురనియు, మూడవవానికి మెల్లగా ఒక బెత్తపుదెబ్బ తగులుననియు, ఆపైన వచ్చినవారికి ఒక్కొక్క దెబ్బ హెచ్చుననియు వర్ణించెను. నచ్చని దొక్కటి. పిల్లలు వల్లించు పద్యముల భాష వారు మాటలాడు భాష కాదు. అర్థము తెలియకయే కంఠస్థము చేయుచున్నారని ఆయన వ్రాసెను. ఫ్రాన్సులో లాటిన్ చేసిన పనిని ఇచ్చట కావ్యభాష చేయుచుండెనన్నమాట. రెండు దేశములకును ఒక్కటే రోగము: పలుకుట వచ్చినచో చదువుట వచ్చినదను భ్రమ.

చరిత్రలో ఈ రెండు బడులును ఒకచోట ఎదురుపడినవి. 1789లో చెన్నపట్టణమున ఎగ్మూరు అనాథశాలకు అధికారియైన ఆండ్రూ బెల్ ఇసుకవ్రాతను, పిల్లలే పిల్లలకు చెప్పు పద్ధతిని అందు ప్రవేశపెట్టి, ఇంగ్లండునకు మరలిపోయి 1797లో గ్రంథరూపమున ప్రకటించెను. లంకాస్టరు మొదలగువారి కృషితో అట్టి పద్ధతి వ్యాపించి 1815 ప్రాంతమున ఫ్రాన్సు చేరెను. అచ్చట సహోదరుల తరగతిపద్ధతికి ప్రత్యర్థియై నిలిచెను. ఒక్క పంతులు కొన్ని వందలమందికి చాలునని దాని పక్షమువారు సంతోషించిరి. పిల్లవాడు తనకు తెలియనిదానిని మఱొక పిల్లవానికి ఎట్లు తెలుపునని ఎదుటిపక్షమువారు ప్రశ్నించిరి. కడకు తరగతిపద్ధతియే నిలిచినది. నేడు మన పల్లెలలో ఒక పంతులు, ఒక నల్లబల్ల, ఒకే వాచకము పట్టుకొన్న పిల్లల వరుస కనబడుచున్నచో అందు ఆ పాతబడుల పోలిక కలదు.

ఒక చిక్కును ఇచ్చట దాచుట న్యాయము కాదు. డి లా సాల్ చెప్పిన ‘ఫ్రెంచి’ ఆ పిల్లలందఱి యింటిభాషయా? సహోదరులు 1703లో అవిన్యోఁ నగరమునను, 1706లో మార్సేయి నగరమునను బడులు పెట్టిరి. ఆ దక్షిణప్రాంతపు బీదల నోట నుండినది ప్రోవాన్స్ భాష. రీమ్స్ పిల్లవానికి ఉపకరించిన నియమము మార్సేయి పిల్లవానికి అంతగా ఉపకరించియుండదు. ఈ లోపమును మన దేశమున గ్రహించినవారిలో గిడుగు రామమూర్తిగారిని తలచుకొనక తప్పదు. ఆయన వాడుకభాషకై పోరాడిన సంగతి అందఱెఱిగినదే. కాని పర్లాకిమిడి ప్రాంతమున సవరల భాషను తాను నేర్చి, వారి పిల్లలకు ఆ భాషలోనే వాచకములు వ్రాసి బడి చెప్పించుట అంతకంటె పెద్దపని యని నా యభిప్రాయము. తెలుగువాని మొదటి పుస్తకము వాడుక తెలుగులో నుండవలె ననుటయే గాక, సవర బిడ్డ మొదటి పుస్తకము సవరలో నుండవలె ననుట ఆయన న్యాయబుద్ధికి నిదర్శనము.

ఈ ప్రశ్న తీరిపోయినది కాదు. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము సర్కారుబడులలో మొదటి తరగతినుండియే ఇంగ్లీషున బోధింపవలెనని ఉత్తరువు చేసెను. 2020లో హైకోర్టు దానిని కొట్టివేసెను. ఇంగ్లీషు కోరు తల్లిదండ్రులను నేను నిందింపను. పిల్లవానికి కౌలుకాగితమును చదువ నేర్పిన ఆ ఫ్రెంచి సహోదరులవలెనే, వారును బ్రతుకుదెరువునే చూచుచున్నారు. నేటి కాగితములు ఇంగ్లీషులో వచ్చుచున్నవని వారికి తెలియును. కాని సహోదరులు కాగితమును తొమ్మిదవ మెట్టున నుంచిరి, మొదటి మెట్టున కాదు. ఏ పాఠక్రమమునైనను తూచుటకు డి లా సాల్ కాలపు లెక్కయే నాకు సరియైన తూనికగా కనబడుచున్నది. బడిని పూర్తిచేసిన వానిని చూచి దానిని మెచ్చుకొనుట సులభము. మూడవ యేట మానిపోయిన పిల్లవానిని పిలిచి, నీ చేత నున్న కాగితము చదువుమని యడుగవలెను. వాడు చదివి దాని యర్థమును మనకు చెప్పగలిగినచో ఆ బడి వాని కాలమును వృథా చేయలేదు.