సర్వర్లకు లినక్సు పంపిణీ ఎంపిక

లినక్సు పంపిణీ అనగా లినక్సు కెర్నలుకు ఇతర సాఫ్టువేర్లను, వాటిని స్థాపించి నవీకరించే సాధనాలను జోడించి వాడుకకు సిద్ధపరచిన నిర్వాహక వ్యవస్థ. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభంతో రూపుదిద్దుకున్న హైదరాబాదు హైటెక్ సిటీ ప్రాంతంలో సర్వర్లను నిర్వహించే సంస్థలకు సరైన పంపిణీని ఎంచుకొనుట ముఖ్యమైన నిర్ణయం.

మద్దతు కాలం

సర్వరు ఏళ్ళ తరబడి నడుస్తుంది. అంతకాలమూ భద్రతా సవరణలు అందకపోతే అది దాడులకు లోనవుతుంది. కనుక ఎంపికలో మద్దతు కాలమే ప్రధానం.

* రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్సు: 10 సంవత్సరాలు, చందా చెల్లించాలి.
* ఉబుంటు దీర్ఘకాల మద్దతు కూర్పులు: 5 సంవత్సరాలు ఉచితం, రెండేళ్ళకొకటి విడుదలవుతుంది.
* డెబియన్: 3 సంవత్సరాలు, మరో 2 సంవత్సరాలు దీర్ఘకాల మద్దతు బృందం ద్వారా లభిస్తుంది. దీని వెనుక కంపెనీ లేదు, స్వచ్ఛంద కార్యకర్తలే నడుపుతారు.

సెంట్‌ఓఎస్ ఉదంతం

రెడ్ హ్యాట్ సోర్సు కోడు నుండి తయారై, ఉచితంగా లభించిన సెంట్‌ఓఎస్ 2004లో మొదలైంది. 2014లో రెడ్ హ్యాట్ దీనిని తన ఆధ్వర్యంలోకి తీసుకుంది. సెంట్‌ఓఎస్ 8కి 2029 వరకు మద్దతు ఉంటుందని వాడుకరులు భావించారు. కాని 2021 డిసెంబరు 31తోనే అది ముగుస్తుందని 2020 డిసెంబరు 8న ప్రకటన వెలువడింది. పాతదైన సెంట్‌ఓఎస్ 7కు మాత్రం 2024 జూన్ 30 వరకు గడువు కొనసాగింది. ఆ విధంగా ముందుగా కొత్త కూర్పుకు మారినవారికే తక్కువ వ్యవధి మిగిలింది. ఈ లోటు తీర్చడానికి 2021 మార్చిలో ఆల్మాలినక్స్, జూన్‌లో రాకీ లినక్స్ విడుదలయ్యాయి.

క్లౌడ్ సర్వర్లు

అమెజాన్ వెబ్ సర్వీసెస్ 2022 నవంబరులో హైదరాబాదు ప్రాంతీయ క్లౌడ్ కేంద్రాన్ని ప్రారంభించింది. క్లౌడులో యంత్రాలను అద్దెకు తీసుకున్నా, సాధారణ వర్చువల్ సర్వరులో పంపిణీ ఎంపిక, నవీకరణ బాధ్యత వాడుకరివే. అమెజాన్ సొంత లినక్సుతో పాటు ఉబుంటు, రెడ్ హ్యాట్ మొదలైనవీ అక్కడ లభిస్తాయి.

ఎంపికలో గమనించవలసినవి

* మద్దతు ముగిసే తేదీ, ఆ హామీ ఇచ్చినది ఎవరు అన్న విషయం.
* వాడదలచిన డేటాబేసు తదితర సాఫ్టువేర్ల తయారీదారులు ఆ పంపిణీని ధ్రువీకరించారా అన్నది.
* సిబ్బందికి గల అనుభవం. డెబియన్, ఉబుంటులలో ఏపీటీ, రెడ్ హ్యాట్ కుటుంబంలో డీఎన్‌ఎఫ్ ప్యాకేజీ సాధనాలు.
* హామీ మధ్యలో మారితే మరో పంపిణీకి తరలే మార్గం. ఉచిత పంపిణీ ఎంచుకున్నవారు దీనిని ముందుగానే పరీక్షించి ఉంచుకోవాలి.

ఇవి కూడా చూడండి

* లినక్సు
* డెబియన్
* ఉబుంటు
* హైటెక్ సిటీ