ఉమ్మి ఎండిన నోటి చరిత్ర

కేన్సరుకి కరెంటు, అంటే కిరణ చికిత్స, పెట్టించుకున్న నోట్లో పన్ను పుచ్చే తీరే వేరు. మామూలు పుప్పి నమిలే పళ్ళ మీది గుంటల్లోనో, రెండు పళ్ళ సందులోనో మొదలవుతుంది. వీళ్ళకి చిగురంచున, పన్ను మెడ దగ్గర గోధుమరంగు చారలా మొదలై చుట్టూ తిరిగి వస్తుంది. ఎవరికైనా అన్నిటికన్నా ఆలస్యంగా పుచ్చే కింది ముందుపళ్ళు వీళ్ళకి ముందే దెబ్బతింటాయి. ఏడాది తిరక్కుండానే పన్ను మెడ దగ్గర విరిగిపోయి, వేరు ఒక్కటే చిగురులో మిగులుతుంది. నొప్పి పెద్దగా ఉండదు కాబట్టి పట్టించుకోరు. విశాఖలో దంతవైద్యం చెబుతూ, చేస్తూ గడిపిన నా ఉద్యోగ జీవితంలో ఎక్కువ భాగం ఈ పళ్ళకే పోయింది. వీటిని నిలబెట్టడం వైద్యలోకం ఎలా నేర్చుకుందో రాసి ఉంచాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

మా వైపు ఈ కరెంటు అవసరం తెచ్చే నోటి కేన్సరుకి ఒక ప్రత్యేక కారణం ఉంది. శ్రీకాకుళం, విశాఖ తీరంలో ఆడవాళ్ళు చుట్టని నిప్పు నోటి లోపలికి పెట్టి కాల్చేవారు. అడ్డచుట్ట అంటారు. సముద్రపు గాలికి ఆరిపోకుండా ఉంటుందని కొందరు, పనిలో చేతులు ఖాళీగా ఉంటాయని కొందరు చెప్పేవారు. ప్రపంచంలో మరెక్కడా అంతగా కనిపించని అంగిటి కేన్సరు ఇక్కడ కనిపించింది. కోస్తా ఆంధ్రలో ఈ అలవాటుకీ అంగిటి కేన్సరుకీ ఉన్న సంబంధం గురించి డి.జి. రెడ్డి, వి.కె. రావు 1957లోనే రాశారు. ఆ తర్వాత డెన్మార్క్ నుంచి వచ్చిన పిండ్‌బోర్గ్, మన పరిశోధకులతో కలిసి ఇక్కడి 10,169 మంది గ్రామస్తుల నోళ్ళు పరీక్షించి 1971లో ఫలితాలు ప్రకటించాడు. ఆ పరిశోధన వల్ల మా ఊళ్ళ పేదరాళ్ళ అంగిళ్ళ సంగతి లోకమంతటికీ తెలిసింది. వైద్యం అయ్యాక వాళ్ళ పళ్ళు ఏమయ్యాయో మాత్రం ఎవరూ అంత శ్రద్ధగా లెక్కకట్టలేదు. ఆ వెలితి నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

ఎక్స్‌రేకీ పన్నుకీ సంబంధం మొదటి నుంచీ ఉంది. రాంట్‌గెన్ 1895 నవంబరులో ఆ కిరణాన్ని కనిపెడితే, కొద్ది వారాల్లోనే జర్మనీలో ఓటో వాల్కాఫ్ అనే దంతవైద్యుడు తన పళ్ళకే ఫోటో తీసుకున్నాడు. అందుకోసం 25 నిమిషాలు కదలకుండా ఉన్నాడట. కిరణంతో కేన్సరుని కాల్చడం తొందరగానే మొదలైంది కానీ, మనిషి తట్టుకునేలా ఇవ్వడం నేర్చుకున్నది పారిస్‌లోని రేడియం ఇన్‌స్టిట్యూట్‌లో. అక్కడ క్లాడియస్ రెగో, హెన్రీ కూటార్ మోతాదుని రోజులకి, వారాలకి పంచి ఇచ్చారు. గొంతు కోయకుండానే గొంతు కేన్సరు తగ్గిందని 1922లో చూపించారు. కిరణం తగిలిన దవడ ఎముక చచ్చిపోవడం గురించి రెగో రాసింది కూడా అదే ఏడాది. మందుకున్న రెండో ముఖం అంత తొందరగానే బయటపడింది.

అమెరికాలో గడియారాల అంకెలకి రేడియం రంగు పూసే అమ్మాయిలు కుంచెని పెదాలతో మొన తేల్చేవారు. వాళ్ళ దవడలు కుళ్ళడం గమనించి 1924లో మొదట ప్రచురించినవాడు న్యూయార్క్ దంతవైద్యుడు థియోడర్ బ్లమ్. వాళ్ళది చికిత్స కాదు, కూలి. అయినా దవడ ఎముక కిరణానికి ఎంత లోకువో వైద్యులకి గట్టిగా తెలిసివచ్చింది వాళ్ళ వల్లే. ఇక పళ్ళ సంగతి: నోరు, గొంతు కేన్సరుకి ఎక్స్‌రే చికిత్స అయినవాళ్ళ పళ్ళు ఎలా పాడవుతాయో 1939లో వివరంగా రాసినవాడు హువాన్ దెల్ రెగాతో. క్యూబాలో పుట్టి, పారిస్‌లో చదివిన వైద్యుడు.

పన్ను గట్టిది కదా, కిరణానికి ఎందుకు లొంగుతుంది? ఎక్కువ మోతాదు తగిలితే పన్నూ నేరుగా దెబ్బతింటుందన్న వాదన ఉంది, కొట్టిపారేయలేం. కానీ కిరణం తగలని పళ్ళూ పుచ్చిపోతాయి. అసలు దెబ్బ ఉమ్మి గ్రంథులది. ఆరోగ్యవంతుడి నోట్లో రోజుకి అర లీటరు నుంచి లీటరున్నర దాకా ఉమ్మి ఊరుతుంది. తిన్న తీపి మీద సూక్ష్మజీవులు పుట్టించే ఆమ్లాన్ని అది కడిగేస్తుంది, విరుస్తుంది, పన్ను నుంచి కరిగిపోయిన సున్నాన్ని తిరిగి చేరుస్తుంది. చెవి ముందున్న పెద్ద గ్రంథులు కిరణం దారిలో పడితే మొదటి వారంలోనే ఊట సగానికి పడిపోతుంది. మిగిలింది జిగటగా, పుల్లగా ఉంటుంది. నోరు ఎండి, అన్నం దిగక, పుండ్ల మంట తట్టుకోలేక మనిషి మెత్తనివీ తియ్యనివీ తింటాడు. పన్ను ఇంకెక్కడ నిలుస్తుంది?

అందుకే చాలాకాలం చాలాచోట్ల కిరణం పెట్టేముందు పళ్ళన్నీ పీకేసేవారు, బాగున్నవి కూడా. కిరణం తర్వాత పీకితే గాయం మానకపోవచ్చు, ఎముక చావొచ్చు. ఈ భయం నిజమైనదే. అప్పటి తక్కువ శక్తి ఎక్స్‌రేని ఎముక మరీ ఎక్కువగా పీల్చుకునేది. 1951లో కెనడాలో ఎక్కువ శక్తి కిరణాలిచ్చే కోబాల్టు యంత్రాలు వచ్చాక ఆ బాధ కొంత తగ్గింది. ఆనాటి వైద్యుల్ని నేను తప్పుపట్టను. పన్నుని కాపాడే సాధనం వాళ్ళ చేతిలో లేదు.

ఆ సాధనం హ్యూస్టన్‌లోని ఎం.డి. ఆండర్సన్ ఆస్పత్రిలో తయారైంది. డేలీ, డ్రైజెన్ వంటివాళ్ళు 1970లలో రోగి పళ్ళ అచ్చు తీసి, దానికి సరిపోయే మెత్తని తొడుగు చేసి, అందులో 1 శాతం సోడియం ఫ్లోరైడ్ జెల్ వేసి రోజూ ఐదేసి నిమిషాలు పెట్టించారు. పుచ్చిపోవలసిన పళ్ళు నిలిచాయి. ఇది చదివిన తెలుగువాళ్ళకి ఫ్లోరైడ్ అన్న మాటే గుండె కలుక్కుమనిపిస్తుంది. నాటి నెల్లూరు జిల్లా పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాల్లో బావినీటి ఫ్లోరైడ్ మనుషుల్ని వంకర చేసిన సంగతి షార్ట్ బృందం 1937లోనే రాసింది. నల్లగొండ గురించి చెప్పనే అక్కర్లేదు. అదే ఖనిజం కొలిచి, పన్ను మీద పెట్టి, ఉమ్మేయిస్తే ప్రాణదాత. జెల్ మింగొద్దని ప్రతి రోగికీ ఎదురుగా చేయించి చూపించేదాన్ని.

పుచ్చిన పన్నుని దేనితో పూడ్చాలన్నది వేరే కథ. వెండి సిమెంటు గట్టిదే కానీ అంచుల్లో మళ్ళీ పుచ్చేది. పంటి రంగు రెసిన్ ఫిల్లింగులదీ అదే గతి. లండన్‌లో ప్రభుత్వ రసాయనశాలలో పనిచేసే విల్సన్, కెంట్ 1972లో గాజుపొడి, ఆమ్లం కలిపిన కొత్త సిమెంటు గురించి ప్రచురించారు. అదే గ్లాస్ అయొనోమర్. పంటికి తనంతట తానే అతుక్కుంటుంది, లోపలున్న ఫ్లోరైడ్‌ని కొద్దికొద్దిగా వదులుతుంది. కానీ ఎండిన నోట్లో అది అరిగిపోతుంది. పుల్లటి ఫ్లోరైడ్ జెల్ దాన్ని మరీ తినేస్తుంది, అందుకే ఆమ్లం లేని జెల్ వాడాలి. టొరంటోలో మెక్‌కోంబ్ బృందం 2002లో ప్రచురించిన పోలిక నాకు చాలా ధైర్యమిచ్చింది. జెల్ రోజూ పెట్టుకున్నవాళ్ళకి ఏ ఫిల్లింగ్ చుట్టూ కూడా మళ్ళీ పుచ్చలేదు. పెట్టుకోనివాళ్ళలో రెసిన్ చుట్టూ పుచ్చింది, గ్లాస్ అయొనోమర్ చుట్టూ చాలా తక్కువ. సిమెంటు అరిగినా పన్ను మిగిలింది! నా రోగులు ఎక్కువమంది నెలనెలా జెల్ కొనగలిగినవాళ్ళు కారు. రెండు వేళ్ళ మందం కూడా తెరుచుకోని నోట్లో, దూది మార్చుకుంటూ ఆ సిమెంటే నింపేదాన్ని. అరిగితే మళ్ళీ నింపేదాన్ని.

"పళ్ళు పోతే పోనీ డాక్టరమ్మా, కట్టుడు పళ్ళు పెట్టెయ్, పేణం దక్కింది సాల్దా?" అనేది భీమిలి వైపు నుంచి వచ్చే ఒక పెద్దావిడ. "మామ్మా, పై సెట్టుని అంగిటికి పట్టి ఉంచేది ఉమ్మే కదా, నీకది లేదు. సెట్టు ఒరుసుకుని పుండైతే కింద ఎముక మానదు" అని ఎన్నోసార్లు చెప్పాను. విరిగిన పళ్ళని కూడా పీకకుండా, వేరుకి రూట్ కెనాల్ చేసి, పైభాగం చిగురు మట్టానికి కోసి, మూత వేసి వదిలేసేదాన్ని. వేరు ఎముకలోనే ఉంటుంది, గాయం ఉండదు.

పీకక తప్పనివాళ్ళకి ఒత్తిడి గదిలో ఆక్సిజన్ పెట్టాలన్నది అమెరికా వైద్యుడు రాబర్ట్ మార్క్స్ సలహా. అతని 1985 పరీక్షలో ఎముక చావడం 29.9 శాతం నుంచి 5.4కి తగ్గింది. మూడు దశాబ్దాల తర్వాత, 2019లో బ్రిటన్‌లో జరిగిన పరీక్షలో ఆక్సిజన్ పెట్టినవాళ్ళలో 6.4 శాతం, పెట్టనివాళ్ళలో 5.7. తేడా లేదు. ఆ గది అందుబాటులో లేని మా జిల్లాల రోగుల తరఫున నేను ఊపిరి పీల్చుకున్నాను.

పెద్ద మార్పు మాత్రం కిరణం ఇచ్చే పద్ధతిలోనే వచ్చింది. గ్రంథిని తప్పించి కణితికే మోతాదు మలిచే యంత్రాలు వచ్చాయి. బ్రిటన్‌లో 2011లో ప్రచురించిన పరీక్షలో, ఏడాది తర్వాత నోరు బాగా ఎండినవాళ్ళు పాత పద్ధతిలో 74 శాతం, కొత్త పద్ధతిలో 38. ఇంకా 38 మిగిలే ఉన్నారు. పాత కోబాల్టుతో బతికి బయటపడినవాళ్ళు మా ఊళ్ళలో ఉన్నారు, వాళ్ళ గ్రంథులు తిరిగి రావు, జెల్ జన్మంతా పెట్టుకోవాలి. కొత్తవాళ్ళనైనా కిరణం మొదలుకాకముందే దంతవైద్యుడి దగ్గరికి పంపితే, నిలవని పళ్ళు తీసి, గాయం మానడానికి రెండు మూడు వారాలు గడువిచ్చి, తొడుగులకి అచ్చు తీసి పెట్టవచ్చు. నా దగ్గరికి వచ్చినవాళ్ళలో ఎక్కువమంది కరెంటు అయిపోయాకే వచ్చేవారు.