చిన్నపంతుళ్లు, వడ్రంగపు పాక

మన ఉన్నత పాఠశాల వజ్రోత్సవ సంచికకు చరిత్ర వ్రాయుమని సంఘమువారు కోరినపుడు, అరువది యేండ్ల కథలో దేనిని ముందు చెప్పవలెనో నాకు క్షణమైనను సందేహము కలుగలేదు. భవనముల సంగతి, ఉత్తీర్ణుల సంఖ్య ఇతరులు వ్రాయుదురు. తెనాలినుండి రేపల్లెకు పోవు రైలుదారి పొడుగునను, ఇటు బాపట్ల వరకును గల పల్లెలలో మన బడికి పేరు తెచ్చినవి రెండు: పై తరగతి విద్యార్థులు క్రింది తరగతుల పిల్లలకు దగ్గర కూర్చుండి పాఠము దిద్దించుట యొకటి, సాయంకాలపు వృత్తి సంఘములు రెండవది. ఆ విద్యార్థులను ఊరివారు చిన్నపంతుళ్లనిరి; ఆ సంఘములను మేము క్లబ్బులంటిమి.

చిన్నపంతుళ్లది మనకు పరాయి పద్ధతి కాదు. వీధిబడి అరుగుమీద పెద్ద శిష్యుడు పసివాని వ్రేలు పట్టి ఇసుకలో ఓనమాలు దిద్దించుట తరతరముల ఆచారము. మదరాసు ఎగ్మూరులో సైనికుల అనాథ బాలురకై 1789లో వెలసిన ఆశ్రమమునకు పర్యవేక్షకుడైన ఆండ్రూ బెల్ అను మతాచార్యుడు, దేశీయ బడులలో పిల్లలు ఇసుకలో వ్రాయుట కన్నులార చూచి, తన బడిలోను పిల్లలచేతనే పిల్లలకు చదువు చెప్పించి, ఆ అనుభవమును 1797లో లండనునందు పుస్తకముగా ప్రకటింపగా, అది మదరాసు పద్ధతి యను పేర ఇంగ్లండు బడులలో వ్యాపించినది. చేతిపని విషయమునను మన ప్రాంతము వెనుకబడలేదు. కృష్ణకు ఆవలనున్న బందరులో కోపల్లె హనుమంతరావుగారు ప్రభృతులు నెలకొల్పిన ఆంధ్ర జాతీయ కళాశాల పుస్తకవిద్యకు చేతివృత్తులను జోడించెను; గుంటూరులో ఉన్నవ లక్ష్మీనారాయణగారు 1922లో శారదానికేతనమును స్థాపించి బాలికలకు ఆ మార్గమునే చూపిరి; 1937 అక్టోబరులో వార్ధాయందు సమావేశమైన విద్యావేత్తలు గాంధీజీ సన్నిధిని వృత్తిమూలకమైన విద్యను దేశమునకు ప్రతిపాదించిరి; 1945లో బాపట్లయందు వ్యవసాయ కళాశాల వెలసెను. మన స్థాపకులు ఈ గాలి పీల్చి పెరిగినవారు.

తొలి ప్రధానోపాధ్యాయులవారిని నేను శిష్యుడనై ఎరుగుదును. తమ పేరు ఎచ్చటను అచ్చువేయవలదని వారు జీవించియుండగనే ఆజ్ఞాపించిరి కావున ఇచ్చట వ్రాయను. తెల్లని ఖద్దరు ఉత్తరీయము, చేతిలో ఎప్పుడును సుద్దముక్క. తొమ్మిదవ తరగతిలో నున్న నన్ను పిలిచి, “ఏమిరా అబ్బాయీ, గుణింతము నీకు వచ్చును; రాని వానికి వచ్చునట్లు చెప్పగలవా?” అని ఒక్క ప్రశ్న వేసి, మారుమాటాడక ఒకటవ తరగతి గదిలోనికి పంపిరి. ఆనాడు నా యెదుట కూర్చున్న పసివాడు ‘క’కు కొమ్ము ఎడమవైపున పెట్టుచుండెను. ఎన్ని పర్యాయములు చెప్పినను మరల ఎడమకే పోవును. తుదకు వానిచేత పలక పట్టించి, వాని వెనుక కూర్చుండి, వాని చేతిమీద నా చేయి వేసి వ్రాయించినగాని తెలియలేదు: నేను ఎదుట కూర్చుండుటచేత నా కుడి వానికి ఎడమయగుచున్నది. బోధనమును గూర్చి తరువాత నేను శిక్షణ కళాశాలలో చదివిన గ్రంథములలో ఏదియు నాకు ఇంతకంటె ఎక్కువ నేర్పలేదు.

క్లబ్బులలో వడ్రంగమునది అగ్రస్థానము. తాటాకు పాకలో ఊరి ఆచారిగారు రంపము, బాడిస, ఉలి, మూలమట్టము ముందు పరచుకొని, చిత్రిక పట్టిన పలకను కంటికి సూటిగా ఎత్తి చూపి, “వెలుతురు కింద నుంచి దూరుతున్నదా? అయితే ఇంకా పట్టండి” అనెడివారు. తెనాలి అచ్చుకూటములనుండి తెచ్చిన కాగితపు కోతలతో బైండింగు క్లబ్బువారు క్రింది తరగతులకు నోటుపుస్తకములు కుట్టిరి. తోటపని క్లబ్బువారి బెండ, వంగ మధ్యాహ్న భోజనమునకు వచ్చెడివి. ఆచారిగారు ఇరువది యేండ్లకు పైగా పని నేర్పిరి. పట్టా లేదను కారణమున వారికి ఉద్యోగమును, తుదకు పింఛనును ఏ కార్యాలయమును ఇయ్యలేదు. వారి శిష్యులు చేసిన బల్లలమీద కూర్చుండియే ఆ నిరాకరణపు ఉత్తరములను మేము చదివితిమి.

1960 తరువాతి పదునైదు సంవత్సరములు రెండు గదులు, ఒక ప్రహరీగోడ, ముగ్గురు ప్రధానోపాధ్యాయుల బదిలీలతో గడచినవి.

1977 నవంబరు 19. దివిసీమను ముంచిన ఆ ఉప్పెన తుపాను కృష్ణకు ఈవలనున్న రేపల్లె, బాపట్ల తీరములను విడువలేదు. వేలకొలది ప్రాణములు పోయినవి. మన వడ్రంగపు పాక కప్పు ఎగిరి ఎచ్చటనో పడెను. సముద్రపు వైపు పల్లెలనుండి వచ్చిన కుటుంబములు మన వరండాలలో తలదాచుకొనిరి. ఉపాధ్యాయులము బియ్యము, గంజి, మందుల పంపకములో మునిగియుండగా, పదవ తరగతి బాలబాలికలు ఎవరును చెప్పకయే ఆ కుటుంబముల పసిపిల్లలను వేపచెట్టు మొదట కూర్చుండబెట్టి పాటలు, ఎక్కములు మొదలిడిరి. తల్లిని పోగొట్టుకొని నాలుగు దినములు నోరు విప్పని యొక బాలిక రెండవ ఎక్కములో తోడి పిల్లలతో గొంతు కలిపినది. ఆచారిగారు, వారి శిష్యులు పడిపోయిన చెట్ల కలపను కోసి తలుపులు, పలకల చట్రములు చేసిరి. అప్పుడు ధాన్యము పోసిన వేమూరు, భట్టిప్రోలు, చెరుకుపల్లి ప్రాంతముల రైతులకు, రేకులిచ్చిన వర్తకులకు, కూలి తీసుకొనక గోడలెత్తిన తాపీపనివారికి, వంటకు నిలిచిన మహిళలకు, ప్రతిదినము పాలు పంపిన గృహస్థులకు, వైద్యులకు, రైల్వే సిబ్బందికి, పూర్వవిద్యార్థి సంఘమునకు నమస్కారములు. వారి నామములు ఈ సంచికలో వేరొకచోట ముద్రితములైనవి.

ఇక చెప్పక తప్పని మాట. 1964–66 నాటి కొఠారీ కమిషను పని అనుభవమును విద్యలో అంగముగా చేయుమనెను; 1977లో ఈశ్వరభాయి పటేలు సంఘము సామాజికోపయోగ ఉత్పాదక కృషియని దానికి నూతన రూపము కల్పించెను. దేశము మన త్రోవకు వచ్చుచున్నదని మేము సంతోషించుచుండగనే మన బడి ఆ త్రోవ విడిచినది. కాలపట్టికలో చేతిపని గంట నిలిచినది గాని ఆ గంటలో లెక్కలు చెప్పబడినవి. ర్యాంకుల మోజు పెరిగినకొలది, “మా వాణ్ణి చదువుకోవడానికి పంపాం, చిత్రిక పట్టడానికి కాదు” అని తల్లిదండ్రులు నిష్ఠురమాడిరి. చిన్నపంతుళ్ల పద్ధతి కాలహరణమని తీర్మానమయ్యెను. పాక నేడు విరిగిన కుర్చీల కొట్టు. క్రింది తరగతులలో వెనుకబడిన పిల్లలకు ట్యూషను తప్ప వేరు దిక్కు లేదని నేడు వాపోవువారిలో ఆనాడు ఆ తీర్మానమునకు చేయెత్తినవారును ఉన్నారు. ఈ బాధ నాలో చాలాకాలముగా నున్నది.

దాతల పట్టిక నాలుగు పుటలు నిండినది. చిన్నపంతుళ్లకు మాత్రము ఏనాడును రిజిష్టరు లేదు. అందుచే ఎవరు ఎవరికి అక్షరములు దిద్దించిరో జ్ఞాపకమున్నవారు, తమ పేరును, తాము చెప్పిన తరగతిని, సంవత్సరమును వ్రాసి సంక్రాంతిలోపల కార్యాలయమునకు పంపగోరుచున్నాను. ఆచారిగారి పేరుతో మొదలిడి ఆ పట్టికను అనుబంధముగా ముద్రించుటకు సంఘమువారు అంగీకరించిరి.