గోదావరి మండలంలో కుతుబ్ షాహీల పాలన

కుతుబ్ షాహీ వంశము గోల్కొండ రాజధానిగా 1518 నుండి 1687 వరకు పాలించిన రాజవంశము. వీరి పూర్వీకులు ఇరాన్‌కు చెందిన తుర్కమానులు. నేటి కాకినాడ, రాజమహేంద్రవరం ప్రాంతాలు ఒక శతాబ్దానికి పైగా ఈ రాజ్యంలో ఉండేవి.

మూలము

15వ శతాబ్దంలో పశ్చిమ ఇరాన్, ఇరాక్ ప్రాంతాలను కారా కొయున్లు (నల్లగొర్రెల వారు) అనే తుర్కమాను వంశం ఏలింది. 1467లో వీరి రాజు జహాన్ షా "తెల్లగొర్రెల" నాయకుడైన ఉజున్ హసన్ తో తలపడి మరణించాడు. ఆ వంశీకుడైన సుల్తాన్ కులీ హమదాన్ ప్రాంతం నుండి దక్కనుకు వలసవచ్చి, బహమనీ సుల్తాను మహమూద్ షా కొలువులో చేరి, తెలంగాణకు అధికారి అయ్యాడు. బహమనీ రాజ్యం క్షీణించగా గోల్కొండలో స్వతంత్రించాడు. ఇరాన్‌తో సంబంధం మాత్రం తెగలేదు. మసీదులలో చదివే ఖుత్బాలో సఫావిద్ షా పేరు కూడా చేర్చేవారు. 1636లో మొగలు చక్రవర్తి షాజహాన్ ఒత్తిడితో దానిని మానవలసి వచ్చింది.

గోదావరి తీరం

ఇబ్రహీం కుతుబ్ షా (1550-1580) కాలంలో, 1571-72లో, సేనాని రఫత్ ఖాన్ లారీ రాజమహేంద్రవరాన్ని జయించాడు. "లారీ" అనగా దక్షిణ ఇరాన్‌లోని లార్ పట్టణమునకు చెందినవాడు.

పన్నుల వసూలును వేలం వేసి గుత్తకిచ్చేవారు. గుత్తదారు ఒప్పుకున్న సొమ్ము చెల్లించకపోతే బెత్తపు దెబ్బలు తప్పేవి కావని మచిలీపట్నంలో ఉన్న ఆంగ్ల వర్తకుడు విలియం మెథ్వోల్డ్ వ్రాశాడు. ఆ భారమంతా చివరకు పడింది రైతుపైనే. మరోవైపు నరసాపురంలో ఓడలు తయారయ్యేవి. మచిలీపట్నం నుండి పారశీక రేవులకు నూలుబట్టలు ఎగుమతి అయ్యేవి.

భాష

ఇబ్రహీం తన యౌవనంలో ఏడేళ్ళు విజయనగరంలో అళియ రామరాయల ఆశ్రయంలో గడిపాడు. తెలుగు కవులు ఇతనిని "మల్కిభరాముడు" అన్నారు. అద్దంకి గంగాధర కవి తపతీసంవరణోపాఖ్యానమును ఇతనికి అంకితమిచ్చాడు. పొన్నెగంటి తెలగన్న తొలి అచ్చతెలుగు కావ్యమైన యయాతి చరిత్రను అంకితమిచ్చినది కూడా గోల్కొండ అధికారి అమీన్ ఖాన్‌కే కావడం విశేషం.

అనంతరం

1687లో ఔరంగజేబు గోల్కొండను వశపరచుకొనగా చివరి సుల్తాను అబుల్ హసన్ తానాషా దౌలతాబాదు కోటలో బందీ అయ్యాడు. పాలనా విభాగాలైన "సర్కారులు" మాత్రం మొగలులు, నిజాము, ఫ్రెంచివారు, ఆంగ్లేయుల కాలాల్లోనూ కొనసాగాయి. కాకినాడ నుండి చెన్నై వైపు నడిచే సర్కార్ ఎక్స్‌ప్రెస్ పేరులోనిది ఈ పారశీక పదమే.