సారెమూటయు, పదునైదు కిలోలును

ప్రయాణమునకు బయలుదేరు మనుష్యుడు వట్టిచేతులతో పోరాదనుట తెలుగువారి ఆచారము. ఆడపడుచును చూడబోవునపుడు సారె, చుట్టముల ఇంటికి పోవునపుడు పండ్లో పిండివంటలో, తిరిగి వచ్చునపుడు ఆవకాయ జాడీయో అప్పడాల కట్టయో మనిషితోపాటు మూటయు ప్రయాణము చేయుచు వచ్చినది. ఉద్యోగధర్మముచే ఊళ్లు మాఱు మనవంటివారికి స్వస్థలముతోడి బంధుత్వము చాలవఱకు ఈ మూటలమీదనే నిలిచియున్నది. ఇపుడా మూటను తూనికయంత్రముపై నుంచి, “ఇంతవఱకే మీది, ఆపైన వెల చెల్లింపుడు” అను కాలము వచ్చినది. ఈ నిబంధన ఎచటినుండి వచ్చినది, ఎట్లు పెరిగినది అను విషయమును సోదరీసోదరుల యెదుట ఉంచుట ఈ వ్యాసోద్దేశము.

మేము కాపురముండునది పుదుచ్చేరి పట్టణమున ఉత్తరపు దిక్కుననున్న ముత్తియాల్‌పేటలో. హైదరాబాదున నున్న మా అమ్మాయికి ఏడవనెల రాగా, నా భార్యయు, కాకినాడనుండి వచ్చియున్న మా అత్తగారును కలసి చలిమిడి, చీర, రవికెలు, పసుపు కుంకుమలు, అరిసెలు, ఎండుకొబ్బరి చిప్పలు సిద్ధపఱచిరి. చెన్నపట్టణమునకు బస్సులో పోయి, అచట నొక చౌక విమానసంస్థవారి విమానమెక్కుట మా సంకల్పము. టిక్కెట్లు మిక్కిలి చౌకగా దొరకినవని నేను గర్వపడితిని. కౌంటరు కడ తెలిసినదేమనగా, నేను కొన్నవి చేతిసంచి మాత్రమే కొనిపోదగిన టిక్కెట్లు. పెట్టెకు వేరుగా సొమ్ము చెల్లింపవలెను. అచట అడిగిన సొమ్ము ముందుగా కట్టియుండిన దానికంటె చాల హెచ్చు. అది చెల్లించితిని. అంతలో ఉద్యోగిని యెదుటనున్న బొమ్మల పలకను చూపి, “అమ్మా, పెట్టెలో ఎండుకొబ్బరి ఉన్నదా?” అని అడిగినది. ఉన్నదని మా అత్తగారు సంతోషముగా చెప్పిరి. అది విమానమున నిషిద్ధమట! ఆమె నావైపు చూచి, “కొబ్బరి లేని సారె ఏం సారె బాబూ?” అనిరి. నాకు సమాధానము తోచలేదు. సాగనంపుటకు వచ్చి ద్వారము వెలుపల నిలిచియున్న మా మేనల్లుని చేతికి ఆ చిప్పల సంచి యిచ్చి వచ్చితిని.

ఆ దినమున నాకు కోపము వచ్చినమాట నిజము. తరువాత ఈ నిబంధనల పూర్వచరిత్రను తెలిసికొనగా కోపము కొంత తగ్గినది. మిగిలినది సరియైన చోటికి మఱలినది.

సామాను దింపుటకు వేరుగా కూలి యిచ్చుట మన పుదుచ్చేరికి క్రొత్త కాదు. ఈ తీరమున సహజమైన రేవు లేదు. పూర్వము ఓడలు దూరముగా లంగరు వేసి నిలుచుచుండెను. మనుష్యులును సరకులును ఒడ్డు చేరుటకు కెరటములను దాటించు పడవలే ఆధారము. కొబ్బరిపీచు త్రాటితో పలకలను కుట్టి చేసిన ఈ పడవలను ఇచట చెలింగలనియు, చెన్నపట్టణపు తీరమున మసూలా పడవలనియు పిలిచెడివారు. మేకులు కొట్టిన పడవ అలల దెబ్బకు పగులును. కుట్టిన పడవ వంగి నిలుచును. దూరదేశములకు పోవు నీలిరంగు బట్టల మోపులన్నియు ఇట్లే ఓడకెక్కినవి. డూప్లే దొరకడ దుబాసిగా నుండిన ఆనందరంగపిళ్ళ (1709–1761) తన దినచర్యలో ఓడల రాకపోకలను, సరకుల లెక్కలను వ్రాసియుంచెను. కస్తూరి రంగకవి ఆనందరంగరాట్ఛందమును అంకితమిచ్చినది ఈ ప్రభువునకే. 1866లో ఇనుప వారధి సముద్రములోనికి నిర్మింపబడినది. 1879లో రైలు వచ్చినది. వారధి 1952 నాటి తుపానులో కూలిపోయినను, రైలు మాత్రము మన మూటలకు పెద్ద ఆశ్రయమైనది.

రైలుబండికి బరువు భారము కాదు. ట్రంకుపెట్టెలు, హోల్డాలు, నీళ్లకూజా, బియ్యపు బస్తా అన్నియు దానిలో ఇమిడినవి. రైల్వేవారికిని హద్దులు లేకపోలేదు. శీతల మొదటితరగతికి 70 కిలోలు, శీతల రెండవ అంతస్తు బండికి 50, స్లీపరు తరగతికి 40, సాధారణ రెండవతరగతికి 35 కిలోలు ఉచితమని నిబంధన. ఐనను దానిని తూచువారు అరుదు. అందుచేత సామానునకు హద్దు కలదను తలంపే మనవారికి కలుగలేదు. విమానము కడ మనకు కలుగు ఆశ్చర్యమునకు మూలమిదియే.

విమానము సంగతి వేఱు. గాలిలో లేచు యంత్రమునకు ప్రతి కిలోయు లెక్కయే. బరువు హెచ్చిన కొలది నేల విడుచుటకు ఎక్కువ దూరము పరుగెత్తవలెను, ఎక్కువ ఇంధనము కావలెను. ఆ ఇంధనమును మరల బరువే. 1932 అక్టోబరు 15న జె. ఆర్. డి. టాటా కరాచీనుండి అహమ్మదాబాదు మీదుగా బొంబాయికి చిన్న విమానమును నడిపి, మనదేశపు విమాన తపాలాను ప్రారంభించెను. అందున్న భారము సుమారు 25 కిలోల ఉత్తరములు మాత్రమే. బొంబాయినుండి ఆ తపాలాను నెవిల్ విన్సెంటు బళ్లారి మీదుగా చెన్నపట్టణమునకు చేర్చెను. ఒక దేశపు విమానయానము మొదలైన బరువు నేడు ఇద్దరు ప్రయాణికుల పెట్టెల బరువుకంటె తక్కువయని తలంచినచో, ఆ యంత్రమునకు బరువుపై గల భయము అర్థమగును. ఆ తొలినాళ్లలో ప్రయాణికుని గూడ పెట్టెతోపాటు తూనికపై నిలిపెడివారు.

పెట్టెకును చేతిసంచికిని భేదము కల్పించినదియు ఆ కాలమే. 1929 నాటి వార్సా ఒడంబడికలో, ప్రయాణికుడు తనవద్దనే యుంచుకొను చిన్నవస్తువులు తప్ప, మిగిలిన సామానునకు సంస్థ చీటి యియ్యవలెనని వ్రాయబడినది. పెట్టె పోయినచో కిలో ఒక్కింటికి 250 బంగారు ఫ్రాంకులవఱకు పరిహారమని నిర్ణయమైనది. అనగా తూకము సంస్థకే గాక ప్రయాణికునకు గూడ రక్షణగా నుండెను. 1934లో మనదేశమున దీనికై చట్టము చేయబడినది. 1999 నాటి మాంట్రియలు ఒడంబడిక కిలోల లెక్కను విడిచి మనిషికి ఇంతయని పరిహారమును మార్చెను; భారతదేశము 2009లో అందు చేరెను.

తెలుగునాట నిజాము ప్రభుత్వమును టాటాలును కలసి నెలకొల్పిన దక్కను ఎయిర్‌వేస్ 1946లో రాకపోకలు మొదలిడెను. 1953లో దేశీయ విమానసంస్థలన్నియు జాతీయము కాగా అదియు ఇండియన్ ఎయిర్‌లైన్సులో కలసిపోయెను. ఆ గుత్తాధిపత్యము 1994లో చట్టరీత్యా తొలగెను. అంతవఱకును, ఆపైన కొంతకాలమును, టిక్కెట్టు కొన్నవానికి 20 కిలోల పెట్టె, భోజనము అందులోనివే అను భావన యుండెను. ఐతే ఆ టిక్కెట్టును కొనగలవారు ఎందఱు? మనవంటి గుమాస్తా కుటుంబములకు విమానమనగా ఆకాశమున వినిపించు చప్పుడు మాత్రమే.

2003లో కెప్టెను గోపీనాథు ఎయిర్ దక్కను నడుపుటతో మనదేశమున చౌక విమానయానము మొదలైనది. 2005లో స్పైస్‌జెట్, 2006లో ఇండిగో వచ్చినవి. వీరి సూత్రము సులభము. ఒకే రకపు విమానములు. దిగిన విమానము వెంటనే మరల లేచుట. భోజనము కావలసినవారు కొనుక్కొనుట. టిక్కెట్టునుండి ఒక్కొక్క సౌకర్యమును విడదీసి దేనికది వెల కట్టుట ఈ పద్ధతికి ప్రాణము. పెట్టెయు ఈ వరుసలోనికే వచ్చెను. 2006లో యూరపు చౌకసంస్థలు పెట్టెకు వేఱుగా సొమ్ము పుచ్చుకొనసాగెను. ఇంధనము ధర మండిపోయిన 2008లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ మొదటి పెట్టెకు 15 డాలర్లు విధించెను. 2013లో మన ప్రభుత్వము ఇట్టి సేవలకు విడిగా వెల పుచ్చుకొనుటకు అనుమతింపగా, చౌకసంస్థల ఉచిత సామాను 20 కిలోలనుండి 15 కిలోలకు దిగెను. 2016లో పౌరవిమానయాన శాఖాధికారులు 15 నుండి 20 కిలోలవఱకు గల సామానునకు కిలోకు 100 రూపాయలకు మించరాదని ఆదేశించిరి. 2017లో ఢిల్లీ హైకోర్టు దానిని కొట్టివేసెను. 2021 ఫిబ్రవరిలో పెట్టె లేనివారికి తగ్గింపు టిక్కెట్టు అమ్ముటకును అనుమతి లభించెను. నేను చదువక కొన్నది అట్టి టిక్కెట్టే.

పుదుచ్చేరి విమానాశ్రయము మా పేటకు సమీపమున లాస్‌పేటలో నున్నది. దాని రన్‌వే పొడవు సుమారు 1,500 మీటర్లు మాత్రమే. కావున పెద్ద జెట్టు విమానములు ఇచట దిగవు. 2013లోను, 2015లోను బెంగుళూరు విమానములు వచ్చి నిలిచిపోయినవి. చిన్న ఊళ్లకు ప్రభుత్వము తోడ్పడు ఉడాన్ పథకము క్రింద 2017 ఆగస్టులో హైదరాబాదునకు విమానము మొదలైనది. కొన్నియేండ్లకు అదియు ఆగిపోయినది. 2024 డిసెంబరులో మరల హైదరాబాదు, బెంగుళూరులకు ఏ.టి.ఆర్. అను చిన్న పంకావిమానములు వచ్చినవి. ఇట్టి విమానమున తలపై అరలు ఇరుకు. పెద్ద విమానమున పట్టిన చేతిపెట్టెయే యిందు పట్టక, మెట్లకడనే తీసికొని సామానుగదిలో నుంచుట కద్దు. చెలింగ పడవనాడు లోతైన రేవు లేకపోవుట వలన పడిన ఇబ్బందియే నేడు పొడవైన రన్‌వే లేకపోవుట వలన మరియొక రూపమున కనబడుచున్నది.

ఇక నిషిద్ధవస్తువుల మాట. మా అత్తగారిని బాధించిన ఎండుకొబ్బరి సంగతి నేను విచారించితిని. నూనె నిండిన ఎండుకొబ్బరి గుట్టగా పడియున్నచో తనంత తానే వేడెక్కి, ఒక్కొక్కపుడు అంటుకొనును. ఐక్యరాజ్యసమితివారి ప్రమాదకర వస్తువుల పట్టికలో దానికి 1363 అను సంఖ్య గలదు. కనుక ఇది సంస్థవారి చాదస్తము కాదు. నిప్పుకు భయపడు నియమము. చేతిసంచిలో కారపుపొడి కూడదనుట తోడి ప్రయాణికుల కన్నుల రక్షణ కొఱకు. విద్యుత్తు నిలువయుంచు పవర్ బ్యాంకును పెట్టెలో పెట్టక చేతనే యుంచుకొనవలెననుట, అది కాలినచో ఎవరైన చూచుటకు వీలుగా. ఇట్టి నియమములు కఠినముగా కనబడినను భక్తుల మనోభావములకు చోటు లేకపోలేదు. 2024 అక్టోబరునుండి 2025 జనవరి 20 వఱకు శబరిమల యాత్రికులు ఇరుముడిలోని కొబ్బరికాయను తనిఖీ పిమ్మట చేతనే కొనిపోవుటకు అధికారులు అనుమతించిరి.

దీనినిబట్టి నాకు తోచినదేమనగా, సామాను నిబంధనలు రెండు తెగలు. నేల, గాలి, నిప్పు విధించినవి మొదటి తెగ. వానితో వాదములేదు, తలవంచవలసినదే. వర్తకము విధించినవి రెండవ తెగ. ఇవి బేరము వంటివి. బేరమున వెల స్పష్టముగా, ముందుగా, కొనువాని భాషలో తెలియవలెను. చిన్నయక్షరములలో దాచిన వెల న్యాయమైనది కాదు. ఆ మాట అడుగు హక్కు మనకు గలదు. చదివి కొనవలసిన బాధ్యతయు మనదే.

కాబట్టి మన కుటుంబములవారికి విన్నపము: టిక్కెట్టుతోపాటు సామాను హద్దును చదువుడు. పెట్టెను ఇంటికడనే తూచుడు. ఎక్కువ బరువునకు ముందుగానే సొమ్ము కట్టుడు. కౌంటరు కడ అది మిక్కిలి హెచ్చగును. చేతిసంచి సాధారణముగా 7 కిలోలు. దానికి తోడుగా చేతికఱ్ఱ, గొడుగు, దుప్పటి, చదువుకొను పుస్తకము, పసిబిడ్డ ఆహారపు బుట్ట వంటివి మనదేశమున అనుమతించుచు వచ్చిరి. వృద్ధులతో పోవువారు దీనిని అడిగి తెలిసికొనుట మేలు.

చివరకొక మాట. చలిమిడి గిన్నెను మా అత్తగారు ప్రయాణమంతయు ఒడిలోనే పెట్టుకొని కూర్చుండిరి. డెబ్బదియేండ్లు దాటిన ఆమెకు అదియే తొలి విమానయానము. పెట్టెకు వెలకట్టిన లెక్కయే ఆమెను రాత్రియంతయు రైలులో కూర్చుండబెట్టక, సుమారు గంటలో మనుమరాలి యొద్దకు చేర్చినది. ఎండుకొబ్బరిని హైదరాబాదులో ఇంటివద్ద అంగడిలో కొంటిమి. మా అత్తగారు ఆ చిప్పను త్రిప్పి త్రిప్పి చూచి, “మన కోనసీమ కొబ్బరిలా లేదు, అయినా పరవాలేదు” అని అమ్మాయి ఒడిలో నుంచిరి.